పది మైక్రాన్లు

పీణ్యా రెండో స్టేజిలో
మా షెడ్డుకి పేరుండదు, నంబరే.
అక్కడ నా లేత్ మీద
విమానం రెక్కలోకి పోయే బుష్ ఒకటి పుడుతుంది,
బొటనవేలంత.
పది మైక్రాన్లు అటో ఇటో అయినా ఒప్పుకుంటారు.
పదకొండైతే స్క్రాపు.

వెంట్రుకని ఏడు పాయలు చీలిస్తే
అందులో ఒక పాయ, అంతే తేడా.
అంత సన్నపు క్షమాపణ మీద
పదమూడేళ్ళుగా అన్నం తింటున్నాను.

బుష్షుకి పాస్ అక్కర్లేదు.
దూది పరిచిన పెట్టెలో పడుకుని
మూడు గేట్లు దాటి లోపలికి పోతుంది.
టెంపోలో దాని పక్కనే కూర్చుని వచ్చినవాణ్ణి
మొదటి గేటు దగ్గర దిగి
టీ కొట్టు గొడుగు కింద నిలబడతాను.

లోపల ఉద్యోగం ఉంది. పర్మనెంటు.
మధ్యాహ్నం క్యాంటీన్లో వేడి ముద్దా సారూ,
పిల్లదానికి స్కూలు బస్సు.
శివప్రకాశ్ సారు నా పేరు చెప్పాడు.
ఫారం వచ్చింది, పదకొండు పేజీలు.
తొమ్మిదో పేజీలో,
మీరు ఎప్పుడైనా, ఏ కోర్టులోనైనా, దోషిగా తేలారా?
రెండు గడులు.

పంతొమ్మిదేళ్ళప్పుడు
యశవంతపురం మార్కెట్లో
ఉల్లిగడ్డల లారీ దింపుతున్నా.
కూలి దగ్గర మాట పెరిగింది.
ఎవడి చెయ్యి ముందు లేచిందో ఇప్పటికీ తెలీదు,
మేస్త్రీ పెదవి మాత్రం చిట్లింది.

ప్లీడరు కారిడార్లో నడుస్తూనే అన్నాడు:
"ఒప్పేసుకోరా. ఐదొందలు ఫైను.
కాదంటే ఐదేళ్ళు తిరుగుతావు.
సాయంత్రం కదిరి రైలు అందుకోవచ్చు."
జడ్జిగారు కన్నడంలో ఏదో అడిగారు.
నాకప్పటికి ఆ భాషలో వచ్చింది ఒకటే మాట.
హౌదు, అన్నాను.
అవునని.
అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేను కూడా.
రైలు దొరికింది. కిటికీ సీటు కూడా.

ఆ మాటకి చక్రవడ్డీ ఉంటుందని
ఎవరూ చెప్పలేదు.

మొదటి కంపెనీలో నిజం రాశాను.
మేమే ఫోన్ చేస్తాం, అన్నారు.
ఆ ఫోన్ కోసం
మూడేళ్ళు సిమ్ము మార్చలేదు.
రెండో కంపెనీలో లేదని రాశాను.
నాలుగు నెలలకి మా వీధిలోకి ఓ కుర్రాడొచ్చాడు,
మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు.
ఏ బీరువాలోనో నిద్రపోతున్న నా ఐదొందల్ని
భుజం తట్టి లేపాడు.
"కొట్టినందుకు కాదు తీసేసేది,
దాచినందుకు," అంది హెచ్చార్ మేడమ్.
పాపం, ముందు మంచినీళ్ళు ఇచ్చింది.

ఇది మూడోది.
"లేదని కొట్టెయ్ చౌడప్పా,
పదిహేనేళ్ళైంది, ఎవడు చూస్తాడు?"
రక్షణ శాఖ కాగితం సార్ ఇది.
వీళ్ళు చూస్తారు. చూడ్డమే వీళ్ళ పని.

నిజం చెప్పాలంటే
ఆ పంతొమ్మిదేళ్ళవాడు
ఇప్పుడా గేటు దగ్గరికొస్తే
నేనే రానివ్వను.
గోళ్ళ సందుల్లో ఉల్లిపొట్టు, కళ్ళల్లో ఆకలి,
ఎప్పుడు ఎటు తిరుగుతాడో వాడికే తెలీదు.
కానీ గేటు దగ్గర నిలబడింది వాడు కాదు కదా.
ఆ సంగతి రాయడానికి గడి ఏ పేజీలో ఉందో
వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను.

రాత్రి నాగవేణి, పాప పడుకున్నాక
వెర్నియర్ తీసి కొలిచాను.
అవును గడి, ఆరు మిల్లీమీటర్లు.
లేదు గడి, ఆరు మిల్లీమీటర్లే.
ఎటువైపూ చోటు వదల్లేదు.
వదిలారేమో, అంత సన్నం
నా వెర్నియర్‌కి తెలీదు.

మళ్ళీ హౌదు అన్నాను,
ఈసారి పెన్నుతో.
కింద 'వివరాలు' అని అర గీత ఉంది.
పట్టేలా, చిన్న అక్షరాల్లో మొదలుపెట్టాను:
అయ్యా, ఆ రోజు రైలు ఆరింటికి