మూడో చరుపు

పగలు పోర్టులో టాలీ గుమాస్తాని.
ఏ ఓడ కడుపులోంచి ఎన్ని బస్తాలు దిగాయో
నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి,
ఐదేసి చొప్పున ఇరవై రెండేళ్ళు లెక్కపెట్టాను.
నెలకో ఆదివారం రాత్రి మాత్రం
చారల చొక్కా తొడుక్కుని
మూడు వరకే లెక్కపెడతాను.

మల్కాపురం కల్యాణ మండపంలో రింగు.
షిప్‌యార్డు వెల్డర్లు సెలవు రోజున అతికిన చట్రం,
అడుగున లారీ కమాన్లు, పైన ప్లైవుడ్డు.
చుట్టూ తాళ్ళంటారా, ఒకప్పుడు
ఏదో గ్రీకు ఓడని రేవుకి కట్టినవే.
ఎర్ర టేపు చుట్టాం. అయినా ముసురు పడితే
ఉప్పు వాసన కొడతాయి.

నలభై తొమ్మిది రూపాయలు కడితే
ఇంట్లో కూచుని ఫోనులో చూడొచ్చు.
ఆ రాత్రి మూడు వందల పన్నెండు మంది కట్టారు.
మా ఆవిడా కట్టింది,
"మీ జేబులోకొచ్చే డబ్బులే కదేటి" అంటూ.

మొదటి జోడీ కుర్రాళ్ళు.
దెబ్బ తగలకముందే పడిపోయాడొకడు, మండపం గొల్లుమంది.
తర్వాత పైడమ్మ. రొయ్యల కంపెనీలో తలలు గిల్లే చేతులు.
కంచరపాలెం పిల్లని జుట్టు పట్టి తిప్పుతుంటే
ముందు వరసలో ముసలామె లేచి
"ఓలమ్మ, ఒగ్గీయే దాన్ని!" అని నిజంగానే ఏడ్చింది.
ఆ ఏడుపు కోసమే కదా ఇంత నాటకమూ.

ఆఖరి ఆట: లైట్‌హౌస్ మీద మాంగనీస్.
ఆరడుగుల నాలుగంగుళాల దాలినాయుడు, తెల్ల నిక్కరు,
నెత్తిన గిర్రున తిరిగే బ్యాటరీ దీపం.
ఎదురుగా నల్ల ముసుగు.
పిడికిట్లోంచి నల్లపొడి జనం మీదికి ఊదుకుంటూ వస్తాడు.
పిల్లలు దగ్గుతూ తిడతారు,
తల్లులు తిరిగి దుమ్మెత్తి పోస్తారు.
గెలవాల్సింది లైట్‌హౌస్. రాసిపెట్టి ఉంది
నా జేబులో, పోర్టు గేటు పాసు వెనక.

పద్నాలుగో నిమిషం. రెండో తాడు మీంచి
ఎగిరినవాడు ఎగిరినట్టు దిగలేదు.
చెక్క కింద మైకు పెట్టాం. ఏ పాటు ఎలా మోగుతుందో
నాకు బస్తా చప్పుడంత బాగా తెలుసు.
ఇది ఆ మోత కాదు.
బస్తాలో బియ్యం కాక ఇంకేదో ఉన్నట్టు.

చెయ్యి పట్టుకున్నాను.
మా భాషలో ఒక నొక్కు: బాగున్నాను.
రెండు: నెమ్మది.
ఏమీ లేకపోతే...
ఏమీ లేదు.

జనం లేచి నిలబడి "లైట్‌హౌస్! లైట్‌హౌస్!"
ఊడిన దీపం మూల పడి
గోడ మీద, కాళ్ళ మీద, మళ్ళీ గోడ మీద తిరుగుతోంది.
ముసుగు చెవి దగ్గర వంగి అన్నాను,
"ఎల్లాజీ, కప్పు. బరువెయ్యకు."
నూటపది కిలోల మనిషి
మోచేతుల మీద తన్ను తానే మోసుకుంటూ
నిద్రపోయిన బిడ్డ మీద దోమతెర దించినట్టు దిగాడు.
ఒకటి.
రెండు.
రెండు దగ్గర ఊరంతా నా చేతివైపే చూసింది,
భుజం లేపుతాడు, ఇదిగో ఇప్పుడు లేపుతాడు.
మూడు చరిచాను.

నీళ్ళ సీసాలు. ఒక చెప్పు, కుడిది.
"ఎంతకమ్ముడుపోనావురా?"
జేబులో ఫోను, మా ఆవిడ:
"మీ కళ్ళేటైపోనాయి? ఆడు లెగుస్తన్నాడు కదా!"

కేజీహెచ్‌లో రాత్రి పన్నెండున్నరకి
చీటీ రాసే అమ్మాయి తలెత్తకుండా అడిగింది,
"పేషెంటుకి నువ్వేమవుతావు?"
ఎల్లాజీ ముసుగు తియ్యడం మర్చిపోయాడు.
నల్లగుడ్డ తడిసి ముక్కుకి అంటుకుపోయింది.
కాసేపు ఆలోచించి చెప్పాడు,
"వచ్చే నెల ఈడే నన్ను కొట్టాలండి."
అప్పుడు తలెత్తింది.
ఏం రాసిందో నేను చూడలేదు.

తెల్లారి ఆరింటికి బెర్తు మీద యూరియా.
డాల్ఫిన్ నోస్ మీద అసలు దీపం ఇంకా ఆర్పలేదు.
రెండో గీత దగ్గర చెయ్యి ఆగిపోతోంది,
హమాలీలు బస్తాలు మోస్తూనే నన్ను చూస్తున్నారు.
తొమ్మిదింటికి వార్డు నుంచి కబురు:
మెడకి పట్టీ. కాలి వేళ్ళు కదిలాయి.

రెండు వందల మంది డబ్బులు వాపసడిగారు.
ఇచ్చేశాం, మా ఆవిడకి తప్ప.
ఆవిడ ఇప్పటికీ అంటుంది
ఆడు భుజం లేపాడనే.