పదకొండు అడుగులు

తెల్లారి నాలుగున్నరకి
మోకాలికి పట్టీ చుట్టుకుంటుంటే
మాబున్ని పక్క మీంచే అంటుంది:
"ఎవుడు తరుముతుండాడయ్యా నిన్ను,
పెన్షనొచ్చి పద్దెనిమిదేళ్లాయె!"

ఎవరూ తరమరు.
మార్కాపురం దాటి, పాడుబడ్డ పలకల గని చుట్టూ
చిప్పల గుట్టల మీద పరిగెడతాను.
కాలు పడ్డచోటల్లా గాజులు చిట్లిన చప్పుడు.
కుక్కలు కూడా నన్ను చూసి మొరగడం మానేశాయి.

మొదలైందీ ఇక్కడే.
తొమ్మిదేళ్లప్పుడు, అమ్మ కోసిన పలకల కట్ట నెత్తిన పెట్టుకుని
లారీ కదిలేలోపు పరుగు.
పలక విరిగితే ఐదు పైసలు కోత.
మెడ కదలకుండా కాళ్లొక్కటే పరిగెత్తడం
అప్పుడే వచ్చింది.
గుంటూరు రిక్రూటింగు మైదానంలో
టేపు పట్టుకున్న సుబేదారు నవ్వాడు:
"హుస్సేనయ్యా, నెత్తిన కుండేమైనా ఉందా?"

ఆ తర్వాత మూరెడు జాగా దొరికితే చాలు, ఉరికాను.

అండమాను పోయే ఓడ డెక్కు మీద
చుట్టుకి నూట నలభై అడుగులు.
సముద్రం పొర్లుతుంటే
పోయేటప్పుడూ ఎగువే, వచ్చేటప్పుడూ ఎగువే.
వంటవాడు పప్పుగరిటె ఊపుతూ చుట్లు లెక్కపెట్టేవాడు.
నలభై దాటాక ఎవరు ముందు కక్కుతారన్నదే పందెం.

కాంగోలో, నీలిటోపీ పెట్టుకున్న ఏడాది,
గడ్డి మొలిచిన రన్‌వే.
పక్కనే ఒంటిచెప్పు పిల్లాడు.
ఆ చెప్పు ఒకరోజు కుడికాలికి, ఒకరోజు ఎడమకాలికి.
ఎందుకని సైగ చేస్తే
రెండు కాళ్లూ చూపించి నవ్వాడు,
రెండూ నావే కదా అన్నట్టు.
రోజూ నన్ను ఓడించాడు. పేరు అడగలేదు.
అడగాల్సింది.

రాజస్థాన్ సరిహద్దులో మాత్రం
రెండు తెల్ల టేపుల మధ్య మూడడుగుల దారి.
అటూ ఇటూ మందుపాతర్లు.
పొగమంచులో ముందు సెల్వం, వెనక నేను.
వాడి మడమలు తప్ప లోకంలో ఇంకేమీ లేదు.
ఇప్పుడు మొహాలు మర్చిపోతున్నాను గానీ,
ఎడమ మడమ మీద ఉసిరికాయంత కాయ,
జాతరలోనైనా పోల్చుకోగలను.
ఒక పొద్దున టేపు అవతల మేక అరిచింది.
సెల్వం మేకలోళ్ల ఇంట పుట్టినోడు.
అంతే చెబుతాను.

ఇంక మంచు.
పద్దెనిమిది వేల అడుగుల ఎత్తులో పరుగు నేరం,
డాక్టరు కాగితం రాసి గోడకి అంటించాడు.
హెలికాప్టరు పడేసిన సంచిలో నాకో ఇన్‌లాండు లెటరు,
అంచున అమ్మ బొటనవేలి బూడిదరంగు.
పలక దుమ్ము ఏ సబ్బుకీ పోదు.
విప్పబోతుంటే గాలి లాక్కుంది.
పరిగెత్తాను. పదకొండు అడుగులు.
పన్నెండోది లేదు.
మంచులో వెల్లకిలా పడి, అరగంట
నా గుండె చప్పుడు ఎవరిదో పరాయివాళ్లదన్నట్టు విన్నాను.
జాబు తీరుబడిగా లోయలోకి పోయింది.

సెలవుకొచ్చి అడిగాను, అందులో ఏం రాయించావమ్మా అని.
గోడ పట్టుకుని దగ్గి, దగ్గి,
ఊపిరి తీసుకుని చెప్పింది:
"ఏముంటదిరా. దగ్గు తగ్గిందని."

మొన్న గణతంత్ర దినానికి
కాలేజీ గ్రౌండులో కొత్త ట్రాకు. పెద్దాయన పరిగెత్తాలన్నారు.
ఛాతీకి ఒకటో నంబరు గుచ్చారు.
ఎర్రటి రబ్బరు, మెత్తగా.
రాయి లేదు, వాలు లేదు, టేపు లేదు.
రెండో చుట్టుకే ఆగిపోయాను.
మోకాలనుకుని కుర్చీ వేశారు, అరటిపండు చేతిలో పెట్టారు.
మోకాలు కాదు నాయనా.
కింద నుంచి ఎవరూ పలకలేదు.

ఈ పొద్దు గని అంచున ఇంకా చీకటే.
వంగి ఒక చిప్ప తీసి నిక్కరుకి తుడిచాను.
అమ్మ కోసి పారేసిందేమో, కాదేమో.
జేబులో వేసుకుని కదిలాను.
తొమ్మిది, పది, పదకొండు
ఇక్కడ రోజూ ఒళ్లు కాస్త జలదరిస్తుంది.
పన్నెండో అడుగు కింద
టప్పున చిట్లింది ఏదో.
ఇంట్లో మాబున్ని ఈపాటికి
నీళ్లు పొయ్యి మీద పెట్టి ఉంటుంది.