రెండు వందల మాటల్లో

మేడ్చల్ బైబిల్ కాలేజీ అప్లికేషన్‌లో
ఏడో ప్రశ్న:
మీ పిలుపును రెండు వందల మాటల్లో వివరించండి.
పేరు రాశాను. నాన్న పేరు, బాప్తిస్మం తేదీ,
కాపరిగారి సంతకం, అన్నీ అయ్యాయి.
ఏడు దగ్గరే
పెన్ను మూత తీస్తూ పెడుతూ
పద్దెనిమిది రోజులు.

ఎస్తేరురాణి అక్కకు కల వచ్చింది.
కోతకొచ్చిన చేను, చేతిలో కొడవలి,
లేచేసరికి అరచెయ్యి మంటగా ఉందట.
ఇప్పుడు ఉట్నూరు అవతల ఎక్కడో పిల్లలకు చదువు చెబుతోంది.
మా నతానియేలుకు లారీ కింద పడబోయి
లేచాక తెలిసింది.
నాకు కలలో ఎప్పుడూ
టోనర్ అయిపోతుంది.

అమ్మ నన్ను కడుపులో ఉండగానే ఇచ్చేసింది.
"ఈ బిడ్డ నీదే ప్రభువా" అని మాటిచ్చి,
ఆడపిల్ల అని తెలిశాక కాస్త ఆలోచించి
"అయినా నీదే" అందట.

దేవసహాయం అయ్యగారు అన్నారు:
"తొందరపడకమ్మా, కనిపెట్టు."
మా సంఘంలో కనిపెట్టడమంటే
మోకాళ్ల మీద ఎదురుచూడటం.
బయట, లేనిదాన్ని కనుక్కోవడం.
అయ్యగారు ఏది చెప్పారో
అడగడానికి సిగ్గేసింది.

మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను.
బోయిగూడ గదిలో రాత్రి రెండింటికి
ఫ్యాన్ కూడా ఆపేసి చెవులు రిక్కించాను.
దీపం ఆరకముందు పిల్లాణ్ణి పేరు పెట్టి పిలిచిన గొంతు
ఒక్కసారి, నా పేరు తప్పు పలికినా సరే.
వినిపించింది.
"దయచేసి వినండి."
గుండె ఆగింది.
విజయవాడ వెళ్లే బండి
నలభై నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది.
నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.
తర్వాత ఆకలి.

గాంధీ ఆస్పత్రి ఎదురు జిరాక్స్ షాపు నాది.
అంటే, సేఠ్‌ది. షట్టర్ ఎత్తేది నేను.
ఎనిమిదికల్లా మెట్ల మీద మనుషులు,
ఆధార్ రెండు వైపులా, రేషన్ కార్డు, స్కానింగ్ కాగితం,
మరణ పత్రం ఐదు కాపీలు.
ఐదు కాపీల వాళ్ల దగ్గర
చిల్లర లేదని చెప్పడం
నాకు ఇప్పటికీ చేతకాదు.

గడువుకు ముందురోజు మొగులయ్య వచ్చాడు,
నారాయణఖేడ్ అవతలి నుంచి.
"బిడ్డా, గీ కాయితం ఏడియ్యాలె?
పొద్దుగాల్నుంచి తిర్గుతున్న.
అందరు చెప్తున్రు, మతికుంటలేదు."
భార్య మూడో అంతస్తులో ఉంది.
ఆయనకు అక్షరాలు రావు.
గల్లాలో తెల్లకాగితం లేదు,
చేతికి దొరికింది అప్లికేషనే.
తిప్పి, వెనక వైపు బొమ్మలు గీశాను.
మెట్లు. లిఫ్టు, దాని మీద ఇంటూ మార్కు.
నీళ్ల ఫిల్టరు. దాని పక్క మీసాల వాచ్‌మన్,
ఇతన్ని అడగొద్దు.
పచ్చ పరదా. కిటికీ. కిటికీలో ఒక అమ్మ,
కళ్లద్దాలు పెట్టాను, గుర్తుపడతాడని.

ఆయన వేలితో దారి పొడుగునా నడిచి
పరదా దగ్గర ఆగి,
తలూపి వెళ్లాడు.
మిషన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను,
నా బాప్తిస్మం తేదీ
వార్డుల్లో తిరుగుతోంది.

సాయంత్రం తెచ్చి ఇచ్చాడు,
నాలుగు మడతలు, ఒక మూల చాయ్ మరక.
"అయింది బిడ్డా.
మల్ల ఎవరికన్న పనికొస్తది, ఉంచు."
భార్యకు ఎలా ఉందని అడిగాను.
చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపాడు.

రేపు ఆఖరి తేదీ.
రెండు వందల మాటలు నా దగ్గర లేవు.
లెక్కపెడితే ఆయనా నేనూ కలిపి
ముప్పై దాటవు.
కాగితం మడతలు అరచేత్తో సాపుచేసి
అద్దం మీద పెట్టాను.
ఏ వైపు కింద ఉండాలో
కాసేపు తేలలేదు.
వెనక ఎవరో "మేడమ్, జల్దీ" అంటున్నారు.
మూత వేశాను.
దాని అంచు కింద నుంచి వెలుగు
ఆ కొస నుంచి ఈ కొసకు
మెల్లగా జరిగింది.