ఎంత లోతు

ఆగస్టు. చెరకు కొట్టడం అయిపోయి మూడు నెలలు.
నీగ్రోస్ దీవిలో దీన్ని చచ్చిన కాలం అంటాం.
మిల్లు పొగగొట్టం మీద కొంగలు వాలతాయి,
పొయ్యిల్లో పిల్లులు లేవవు.

ఫాదర్ మూడు నెలలకోసారి వస్తాడు, వాగు ఒప్పుకుంటే.
అందుకని వాక్యం మేమే చదువుకుంటాం
రేకుల గుడిలో, వాన మోతలో,
ఒకరు చదివింది వెనక బెంచీకి ఇంకొకరు అరిచి చెబుతూ.

ఆ ఆదివారం తలాంతుల కథ.
దొమింగా చదివింది, వేలితో అక్షరాల్ని ముందుకు తోసుకుంటూ:
యజమాని దూరదేశం వెళ్ళడం,
ఐదు ఒకడికి, రెండు ఒకడికి, ఒకటి ఒకడికి.
నాకిది కంఠతా వచ్చు.
నా పెళ్ళినాడు దొర, డాన్ ఎవరిస్తో,
ఈ కథే చెప్పి కాటా పుస్తకం నా చేతిలో పెట్టాడు.
ఇరవై రెండేళ్ళుగా తూకం దగ్గర నిలబడేది నేనే.
ఐదుని పది చేసినవాణ్ణి కదా,
కాళ్ళు చాపుకుని వింటున్నాను.

"ఆగు," అంది సెబియా అవ్వ.
ఆమెకు అక్షరం రాదు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు,
పన్నెండో యేట చెరకుతోపాటు మిల్లుకెళ్ళిపోయాయి.
"ఐదు పదెట్లా అయింది?"

వ్యాపారం చేశాడన్నారెవరో.
"ఏం వ్యాపారం? డబ్బేమన్నా పందా, ఈనడానికి?
ఒకడి సంచి నిండిందంటే
ఎవరి కుండో ఖాళీ అయిందన్నమాట.
ఆ కుండ ఎవరిదో కథలో లేదు.
నేను చెప్పనా..."
చెప్పలేదు. దగ్గు తెర అడ్డొచ్చింది.

తెమలగానే మళ్ళీ అందుకుంది.
"నాటకుండానే కోసుకుపోతావు నువ్వని
ముఖాన్నే అన్నాడు చూడు ఆ మూడోవాడు,
యజమాని కాదన్నాడా?
అట్లాంటివాణ్ణి పట్టుకుని దేవుడంటారేమర్రా!
నా దేవుడు ఎడారిలో మన్నా కురిపించినప్పుడు
రేపటికని దాచినదాంట్లో పురుగులు పోశాడు."

"మరి వాణ్ణి బయట చీకట్లోకి తోసేశారుగా?"
లిటోయ్ అడిగాడు, తొమ్మిదేళ్ళవాడు.
అవ్వ తలుపు వైపు చూసింది.
బయట వాన, దీపాల్లేని కూలి లైన్లు,
నిద్రలో పళ్ళు కొరికే పసిపిల్లలు.
"అక్కడే కదరా మనముండేది.
యేసునీ ఊరి బయటికే ఈడ్చారు.
ఆ మూడోవాడు మీ తలుపు కొట్టుంటే
మీ అమ్మ గంజి పోసుండేది,
పేరు కూడా అడిగుండేది."

ఆమెన్ అనడం ఎవరికీ తోచలేదు.
నావైపు ఎవరూ చూడలేదు. అదే ఓర్చుకోలేకపోయాను.
పుస్తకంలో నేను సోమరి అని రాసిన పేర్లన్నీ
ఆ బెంచీల మీద తడి బట్టలతో కూర్చునున్నాయి.

ఫాదర్ దీనికి ఇంకో అర్థం చెబుతాడు,
దేవుడిచ్చిన వరాల్ని వాడుకోవాలని.
అదీ నిజమే అయుండొచ్చు.
నాకు ఒకప్పుడు గిటార్ వచ్చు.
అది పాతిపెట్టినందుకు
నన్ను ఏ దొరా తిట్టలేదు.

కాటా రాయి అడుగున ఒక సీసపు ముక్క ఉంది.
మోపుకి మూడు కిలోలు మింగుతుంది.
నేను పెట్టలేదు.
తియ్యనూ లేదు.

రాత్రి వాన తెరిపిచ్చాక
దాన్ని జేబులో వేసుకుని
అవ్వ గుడిసె ముందు నిలబడ్డాను.
రమ్మనలేదు, పొమ్మనలేదు.
పార అడిగితే ఇచ్చింది.

"అవ్వా, అతను ఎంత లోతు తవ్వుంటాడు?"

లాంతరు ఎత్తి,
నాటబోయే చెరకు ముచ్చెని చూసినట్టు
నా అరచేతిలోని ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మళ్ళీ మొలవనంత," అంది.