తోక చివరి మాట

షెఫీల్డ్‌లో నవంబరు. నాలుగున్నరకే చీకటి.
నా గదిలో ఆ తేడా లేదు,
మైక్రోస్కోపు ఉన్నచోట కిటికీకి నల్లగుడ్డ కడతారు.
ఎవరిదో చేతి చర్మం, కందిబద్దంత,
నెలల తరబడి బతిమాలితే నరాల కణాలైంది.
అతని పేరు మాకు చెప్పరు.
మూడంకెలు, ముప్పై నాలుగేళ్ళ వయసు. అంతే.

అతని ప్రోటీన్ ఒకదానికి ఆకుపచ్చ దీపం కట్టాను.
దాని కొలువు కేంద్రకంలో.
అప్పుడప్పుడు ఆర్ఎన్ఏ చెయ్యి పట్టుకుని
గడప దాటుతుంది,
బయటివాళ్ళకి అప్పజెప్పి
మళ్ళీ లోపలికి.

బయటివాళ్ళది ఎంత దూరమో
ఓసారి కాగితం కప్పు మీద లెక్కవేశాను:
కణం ఈ గదంత ఉంటే
కాలి బొటనవేలు మాంచెస్టర్‌లో.
నడుమ కొండలు, హాథర్‌సేజ్, ఈడేల్, పొడుగాటి సొరంగం.
ఆ దారంతా ఆర్ఎన్ఏ నోరు విప్పకూడదు,
దిగాల్సిన చోటే చెప్పాలి తెచ్చిన కబురు.
అందాకా దాని పెదాల మీద వేలుంచి
కూచుంటాయి ఈ ప్రోటీన్లు,
చంటిపిల్లతో రైలెక్కినవాళ్ళలా.

ఇక్కడ దీన్ని లోకలైజేషన్ అంటారు.
నా నోట్‌బుక్‌లో ఉనికిపట్టు అని రాసుకుంటాను,
పక్షులకీ దొంగలకీ వాడే మాట.

ప్రోటీన్‌కీ ఓ తోక ఉంది.
చివరి పాతిక అక్షరాలు కలిసి
గడప దగ్గర పలికేది ఒకటే:
వెళ్ళొస్తాను.
మా మేనత్త పైడితల్లి, ఎవరైనా వట్టి 'వెళ్తాను' అంటే
గుమ్మంలోనే ఆపేసి
రెండోసారి సరిగ్గా అనిపించేది.
ఈ మూడంకెల మనిషిలో
తోక దగ్గర ఒక్క అక్షరం మారింది.
వెళ్తాను అంది. ఆపడానికి ఎవరూ లేరు.

తెర మీద నడుమంతా నలుపు, చుట్టూ ఆకుపచ్చ.
గ్లెనిస్ పోలో బిళ్ళ అంటుంది.
నాకు చిల్లుగారె.
గంటసేపు వేడి తగిలిస్తే
ఆకుపచ్చంతా చుక్కలు చుక్కలుగా ముడుచుకుంటుంది.
చల్లారాక మామూలు కణాల్లో కరిగిపోతాయవి.
ఇందులో కరగవు.

పోయిన నెల జనాన్ని లోపలికి రానిచ్చిన రోజున
రోయ్‌స్టన్ బీల్ అనే ఆయన వచ్చాడు, చక్రాల కుర్చీలో.
ట్రామ్ నడిపేవాడట, హాఫ్‌వే నుంచి మాలిన్ బ్రిడ్జ్ దాకా.
కళ్ళతో అక్షరాలు ఏరితే యంత్రం పలుకుతుంది.
తెర వంక చూస్తూ చాలాసేపు ఏరాడు,
వెనక వరస కదలడం మొదలెట్టింది.
'దానికి తెలుసా, బయటే ఉండిపోయానని?'
తెలియదు, అన్నాను.
దానికా, నాకా అని ఆయన అడగలేదు.

ఇవాళ కొత్త మందు వేసి
పది నిమిషాలకో బొమ్మ తీస్తున్నాను.
ఆరింటి బొమ్మలో ఒక చుక్క కాస్త చిక్కినట్టుంది,
లేదా ఫోకస్ జారింది.
రేపు మళ్ళీ చూడాలి. ఎల్లుండి కూడా.

పళ్ళేన్ని ముప్పై ఏడు డిగ్రీల అల్మరాలో పెట్టి
తలుపు వేస్తూ
ఆ మాట అంటాను, పూర్తిగా, తోకతో సహా.

అప్పుడే కారిడార్లో గ్లెనిస్
మెయిన్ స్విచ్ ఆర్పేస్తుంది,
నేనింకా లోపలే ఉన్నానని తెలీక.