సింగిల్ కాలమ్, ఎనిమిది సెంటీమీటర్లు

నేను రాసుకొచ్చిన మొదటి వార్త
ఇలా మొదలైంది:
"గుంటూరు గడ్డపై ఆడపులులు గర్జించిన వేళ..."
బాజీ గారు కళ్లజోడు నుదుటికెక్కించి
"ఎవరు గెలిచారమ్మా?" అన్నారు.
చెప్పాను.
"ఎంతకి?"
చెప్పాను.
"ఆ రెండూ నీ నోట్లో ఉన్నాయి గదా,
కాగితమ్మీద లేవేం?"

అరండల్‌పేటలో మెట్లెక్కితే రెండో అంతస్తు.
కిటికీ మూల క్రీడల బల్ల.
ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగిరేవి,
ఆగితే మేం ఉడికేవాళ్లం.
కాగితాల మీద బరువుకి
ఎవరో వదిలేసిపోయిన క్రికెట్ బంతి,
కుట్లు ఊడి, ఒక చెంప మాత్రం నున్నగా.

ఆయన కూచోబెట్టి పాఠం చెప్పింది లేదు.
ఎర్ర పెన్నే చెప్పేది.
పులుల మీద ఒక గీత.
"హోరాహోరీ" మీద ఒక గీత.
"ప్రేక్షకులు ఉర్రూతలూగారు" దగ్గర మాత్రం ఆగి
"ఎంతమంది?" అన్నారు.
లెక్కపెట్టలేదన్నాను.
"నలభై మందే అయితే నలభై అనే రాయి.
మిట్టమధ్యాహ్నం గుంటూరు ఎండలో
నలభై మంది నిలబడటం చిన్న సంగతా?"

రాత్రి పదిన్నరకి ప్రకటన ఒకటి ఊడిపడుతుంది,
బోరు పంపులదో, బంగారు కొట్టుదో.
పేజీ పెట్టే ఏసోబు కత్తెర
ఎప్పుడూ కిందనుంచే పైకొస్తుంది.
లంక ఊళ్లో వరదొస్తోందంటే
ముందు బియ్యం బస్తా అటకెక్కిస్తారు చూడు,
అలా పెట్టుకో నీ వార్త.
ముఖ్య అతిథి గారు అడుగున ఉంటారు,
మునిగితే మునుగుతారు.

ఆ ఫిబ్రవరిలో
జిల్లా బాలికల కబడ్డీ ఫైనల్.
తెనాలి ముప్పై, పొన్నూరు ఇరవై తొమ్మిది.
ఆఖరి కూతకి దిగింది పొన్నూరు పిల్ల.
అప్పుడే యార్డు వైపునుంచి గాలి మళ్లింది.
మిరపఘాటు.
గీత బయట మేమంతా కొంగులు, రుమాళ్లు వెతుక్కున్నాం.
ఆ పిల్ల దగ్గింది.
కూత తెగింది.
అంపైరు చెయ్యి లేచింది.

"మిరపఘాటు వల్ల ఓడిన పొన్నూరు"
అని శీర్షికతో సహా రాసేశాను.
ఇంకే పేపరుకీ దొరకని ముక్క అనుకుంటూ.
బాజీ గారు
"వల్ల" చుట్టూ సున్నా చుట్టారు.
"దగ్గింది, నీ చెవులతో విన్నావు, రాయి.
గాలి మళ్లింది, నీ ముక్కుకి తెలుసు, రాయి.
రెంటికీ ముడి ఎవరేశారు?"
నేనే.
"పెళ్లి చేసేముందు
పిల్లనడగాలి గదా."

తొమ్మిదింటికి మున్సిపల్ స్కూలుకెళ్లాను.
బెంచీలు గోడకి నెట్టి, చాపలేసుకుని
పొన్నూరు జట్టు పెరుగన్నం తింటోంది.
మూడ్రోజుల్నుంచి దగ్గేనట.
కోచ్‌కి చెప్పలేదట, చెబితే ఆడించరని.
"అది మాత్రం రాయకక్కా."
మోకాలికి పసుపు రాసుకుంటూ అంది.
కోర్టులో చూసిన దానికన్నా చాలా చిన్న పిల్ల.

తిరిగొచ్చి రాశాను:
ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది. తెనాలి గెలుపు.
చివరి కూత సగంలో తెగింది.
ఆ రోజు మ్యాచ్‌లో పదకొండు పాయింట్లు తెచ్చింది
ఆ కూత తెగిన పిల్లే.
బాజీ గారు రెండుసార్లు చదివారు.
పెన్ను మూత తియ్యలేదు.
ఇంటికెళ్తూ ఆ రాత్రి
నేనూ ఓ పాయింటు కొట్టాననుకున్నాను.

ఏప్రిల్లో ఆ పిల్ల మెట్లెక్కి వచ్చింది,
చేతిలో కటింగు, ప్లాస్టిక్ కవర్లో.
స్పోర్ట్స్ హాస్టల్ దరఖాస్తుకి జతచేస్తే
తిప్పి పంపారట.
"నా పేరు షేక్ మీరాబీ అక్కా.
నువ్వు మీరాబాయి అని వేశావు."

అన్నీ అడిగాను ఆ రాత్రి.
దగ్గు అడిగాను, పసుపు అడిగాను,
పేరు అడగలేదు.
చెవికి అలవాటైన పేరు
దానంతటదే పెన్నులోంచి జారింది,
పులులు జారినట్టే.

మర్నాడు సవరణ వేశాం,
టెండరు ప్రకటన పక్కన, రెండు సెంటీమీటర్లు.
ఆ రెండు సెంటీమీటర్లు రాయడానికి
నాకు పట్టినంతసేపు
ఏ ఫైనల్‌కీ పట్టలేదు.
మీరాబీ ఎదురుగా నిలబడి
ఒక్కో అక్షరం నాతో పలికించింది.
బంతిని అటూ ఇటూ దొర్లిస్తూ
వెళ్లేముందు అంది:

"స్కోరు మాత్రం సరిగ్గా వేశావక్కా.
తప్పు రాయాలంటే
అక్కడ రాయొచ్చుగా!"