మంచినీళ్ళ సీసా

రాయగడలో మొదటి ఇల్లు
త్రినాథ్ సబత్ నాకు పొద్దున్న తొమ్మిదింటికి చూపించాడు.
కిటికీలు బార్లా తెరిచి
"చూడండి బాబూ, నాగావళి గాలి" అన్నాడు.
గాలి నిజమే.
గోడ మీద సున్నమూ నిజమే,
వేలికి అంటుకునేంత కొత్తది.
ఏ మూల చెమ్మ ఉందో
ఆ మూలే అందరికన్నా తెల్లగా నవ్వుతోంది.

రెండో ఇంటి గడప దాటకముందే
"బరంపురం పార్టీ ఒకటి దారిలో ఉంది,
మధ్యాహ్నానికి అడ్వాన్సు ఇచ్చేస్తారు" అన్నాడు.
ఆ పార్టీని నేనెరుగుదును.
నెలాఖరున నేనూ వాణ్ణి
కొట్టు కొట్టుకీ వెంట తిప్పుతాను,
"ఎదురు కొట్టాయన పది పెట్టెలు రాయించాడు" అని.
ఇంకా పుట్టనేలేదు, పాపం,
ఎంత సరుకు కొంటాడో!

మూడో ఇంటి బోర్డు మీద
ఒడియాలో ఇల్లు, తెలుగులో ఇల్లు,
ఇంగ్లీషులో మాత్రం విల్లా.
లోపల ఒకటిన్నర గది.
ఆ అర గదిలో ఇంటాయన సైకిలు.

నాలుగోచోట ఇల్లు చూపించలేదు, నన్నే చూశారు.
ఏం తింటావు, ఎవరివాళ్ళు,
రాత్రి ఎన్నింటికి గేటు తోస్తావు.
చెప్పుల నుంచి తలదాకా తిప్పి తిప్పి చూసి
"చెప్తాంలే" అన్నారు.
ఎనిమిదేళ్ళు సరుకు అమ్మినవాణ్ణి,
అలమరలో కూర్చున్న డబ్బాకి
ఎలా ఉంటుందో ఆవేళ తెలిసింది.

ఐదో ఇంటికి సబత్ రాలేదు.
కమీషన్ ఇవ్వదట ఆవిడ.
సులోచన పాత్రో,
సాయంత్రం ఆరింటికి రమ్మంది,
ఆరింటికే రమ్మంది.
వెళ్ళేసరికి ముక్కు మీద కొంగు.
"ముందు ఇది విను బావూ.
గాలి తిరిగితే మిల్లు కంపు వస్తాది.
ఈ కిటికీ మూసెయ్యాల.
మూసినా వస్తాది, కొంచెం.
బోరు నీళ్ళు ఉప్పన, పప్పుడకదు,
సబ్బు నురగ కట్టదు.
తాగడానికి ఆ మలుపు కుళాయి,
పొద్దున్న అయిదుకి లేవగలవా?"

అద్దె ఎంతో నేనే అడగాల్సొచ్చింది.
తక్కినవాటి మీద మూడొందలు ఎక్కువ.
బేరానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను.
పనికొచ్చే వంకలన్నీ
ఆవిడే వాడేసింది,
నా చేతిలో ఒక్కటీ మిగల్లేదు.

ఆ రాత్రి సంచి విప్పుతుంటే
బట్టల మధ్య సీసా తగిలింది.
పార్వతీపురం మంచినీళ్ళు.
కంపెనీ నేర్పిన విద్య అది:
గాజు గ్లాసులో ఈ నీళ్ళు పోసి
చెంచాడు పొడి వేసి రెండు కుదుపులు కుదిపితే
అంచు దాటి లేస్తుంది తెల్లమబ్బు.
కొట్టువాడు కొంటాడు, కొట్టు ముందు నిలబడ్డామె కొంటుంది.
వాళ్ళ ఇంటి బోరు కింద
ఆ మబ్బు ఏమైపోయిందో
నేనెన్నడూ చూడలేదు.
సాయంత్రం ఆరింటికి సబత్ ఎక్కడుంటాడో
నేనూ అక్కడే ఉంటాను, ఊరవతల బస్సులో.

తెల్లారి కుళాయి దగ్గర వరసలో నిలబడి
సీసా ఒంపేశాను.
మామూలు నీళ్ళేగా,
ఎవరో బిందె పెట్టుకోండి అంటే బాగుండేది,
తోచలేదు.

బిభూతి సాహు కొట్లో అన్నాను,
"మీ బోరు నీళ్ళే ఇవ్వండి."
పొడి వేశాను, కుదిపాను.
నురగ అంగుళం లేచి, అలిసి కూర్చుంది.
"ఇంతేనా?"
"ఈ నీళ్ళకి ఇంతే. రెండు చెంచాలు వెయ్యాలి.
మురికి మాత్రం పోతుంది."
జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు.
ఆరు పెట్టెలు తీసుకునే మనిషి
రెండు రాయమన్నాడు.
గ్లాసు మాత్రం పారబొయ్యలేదు,
తన భుజం మీది తువ్వాలు కొస అందులో ముంచి
నలుపుతూ ఉండిపోయాడు.

సాయంత్రం విజయనగరం నుంచి ఫోను.
సూపర్‌వైజరు తిడుతుండగానే గాలి తిరిగింది.
ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి
లేచి కిటికీ మూశాను.

మూసినా వచ్చింది, కొంచెం.
ఆవిడ చెప్పినంతే.